నాలుగు బస్తాల లెక్క

మా తమ్ముడు అప్పల్రాజు పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, పదా, పదకొండా, పదహారా?" అన్నాడు. పలకరింపు లేదు, పాడూ లేదు. వాడెప్పుడూ ఇంతే. ఏమిట్రా అవి అంటే కాంక్రీటు అన్నాడు. గాజువాకలో నాన్న కట్టిన ఇంటి మీద వాడు పై అంతస్తు లేపుతున్నాడు, మర్నాడు పొద్దున్న స్లాబు. ఈ రోజుల్లో కాంక్రీటు ఇంటి ముందు ఎవరు కలుపుతున్నారు? ప్లాంటులో కలిపి, లారీలో తిప్పుకుంటూ తెచ్చి, గొట్టంతో పైకి కొట్టేసి పోతున్నారు. ఎన్ని ఘనపు మీటర్లు కావాలో సాయంత్రం నాలుగులోపు ప్లాంటుకి చెప్పాలట. ఇంజినీరు పది దాటదంటోంది, మేస్త్రీ పదకొండంటున్నాడు, వీడు ఫోన్లో లెక్క వేస్తే పదహారు వచ్చింది. "నువ్వు లెక్కల టీచరువి కదేటి, వచ్చి తేల్చక్కా. నాకు బుర్ర పన్జెయ్యడం నేదు" అన్నాడు.

లెక్కల టీచరునే, కాదనను. ముప్పై రెండేళ్ళు పిల్లల చెవులు మెలేసి మరీ చెప్పాను. కానీ స్లాబు లెక్క అంటే మాత్రం నేను పదో తరగతి తర్వాత ముట్టుకోలేదు. మా ఇల్లు కట్టుకున్నప్పుడు కూడా మా ఆయన్నే చూసుకోమని చెప్పి, స్లాబు రోజున తలనొప్పని పడుకున్నాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. గాజువాక ఇంట్లో వంటింటి మూల కారడానికి కారణం నేనే అని నాలో నేను ఇన్నేళ్ళూ మోస్తూ వచ్చాను. అందుకే తమ్ముడి ఫోను పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. రానని చెప్పేద్దామనుకున్నాను కూడా. కానీ వాడి గొంతులో కంగారు నిజం కంగారు. కాంక్రీటు తక్కువైతే స్లాబు మధ్యలో ఆగిపోతుంది. ఆగిన చోట అతుకు పడుతుంది. ఆ అతుకు సంగతి మా ఇంట్లో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

వెళ్ళేసరికి మెట్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఇంజినీరు అమ్మాయి కూర్చుని ఉంది. చిన్న పిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవేమో. వాళ్ళ నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. మాటకి ముందొక అండి, వెనకొక అండి. తమ్ముడి పదహారు చూడగానే నాకు అర్థమైపోయింది వాడు ఎక్కడ బోల్తా పడ్డాడో. నాన్న చెప్పేవాడు, ఒకటికి ఒకటిన్నర అని. పొడి సిమెంటు, ఇసుక, రాళ్ళు కలిపి నీళ్ళు పోస్తే ఇసుక వెళ్ళి రాళ్ళ సందుల్లో కూర్చుంటుంది, సిమెంటు ఇసుక సందుల్లో కూర్చుంటుంది, మొత్తం కుంగిపోతుంది. అందుకని స్లాబు ఎంతో చూసుకుని, దానికి సగం మళ్ళీ కలిపి పొడి సరుకు తెచ్చుకోవాలి. తమ్ముడు ఆ సగం కలిపేశాడు. ఒరే, లారీలో వచ్చేది పొడి సరుకా, అప్పటికే కలిపి కుంగిపోయిన సరుకు కదా, దానికి మళ్ళీ సగం ఎందుకు కలుపుతావురా అంటే, "నాన్న సెప్పినాడు కదేటి" అన్నాడు మొండిగా. నాన్న చెప్పింది పారతో కలిపే రోజుల మాట. యాభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నాన్న మాటని ఫోన్లోకి ఎక్కించి పదహారు తీశాడు. నవ్వొచ్చింది.

నాన్న సన్యాసిరావు మేస్త్రీ. ఎలమంచిలి అవతల పల్లె నుంచి పోర్టు క్వార్టర్లు కట్టడానికి కూలికి వచ్చి, మేస్త్రీ అయ్యాడు. చదువు లేదు, సంతకం మాత్రం నా దగ్గర నేర్చుకున్నాడు. ఇంటికి వచ్చేసరికి ఒంటి నిండా సిమెంటు వాసన, దానిమీద స్లాబు కింద బిగించే సెంట్రింగు చెక్కలకి పూసే కాలిన ఇంజినాయిలు వాసన. ఇప్పటికీ లారీ షెడ్డు పక్కనుంచి వెళ్తే ఆ వాసనకి నాకు అన్నం వేళ అయినట్టనిపిస్తుంది. అమ్మ వాకిట్లో బిందెడు నీళ్ళు పెట్టి ఉంచేది. ఆయన చేతులు కడుక్కోవడమే అరగంట. సిమెంటు తినేసిన వేళ్ళ సందుల్లో కొబ్బరినూనె రాసుకుంటూ, మధ్యమధ్యలో ఉస్సు ఉస్సు అంటూ, జాలరిపేట నుంచి గంపతో వచ్చే ఆవిడ ఆ రోజు ఏం చేపలు తెచ్చిందో అడిగేవాడు. మెత్తళ్ళు అంటే ముఖం వెలిగేది. మెత్తళ్ళు వంకాయ వేసి వండితే ఇక ఆ పూట ఆయనతో ఏ పని కావాలన్నా అడగొచ్చు.

స్లాబు ముందు రోజు మాత్రం ఇవేవీ ఉండవు. ఆ రోజు నాన్న మాట్లాడడు. చెప్పులు విప్పేసి, సెంట్రింగు చెక్కల కింద అటూ ఇటూ నడుస్తాడు. పాదాలతో పొడవు కొలుస్తాడు, జేనతో మందం చూస్తాడు, కింద నిలబెట్టిన సరుగుడు కర్రల్ని ఒక్కోదాన్నీ అరచేత్తో కొట్టి చెవి పెట్టి వింటాడు. ఇంటికొచ్చి చద్దన్నం తిని, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని, చివరికి ఒక అంకె చెప్తాడు. ఇన్ని బస్తాలు. అంతే. ఒక బస్తా అటూ ఇటూ తప్ప తప్పేది కాదు. సెంట్రింగు చూడకుండా అంకె చెప్పమంటే ఎంతటి వాళ్ళు అడిగినా చెప్పేవాడు కాదు. పొడవూ వెడల్పూ మందమూ తెలిస్తే చాలు కదా, చెక్కలూ కర్రలూ చూడటమెందుకు, ఇదంతా మేస్త్రీల చాదస్తం అనుకునేదాన్ని. పదో తరగతిలో లెక్కల్లో మొదటి మార్కు నాది. ఆ మాత్రం పొగరు ఉండదా మరి?

ఈ గాజువాక ఇల్లు మొదలైంది ఆ ఏడాదే. సెంట్రింగు పని సింహాద్రి మావయ్యకి ఇచ్చాడు నాన్న. మావయ్య అమ్మకి తమ్ముడు, అప్పుడే పెళ్ళయింది. ఎవరి దగ్గరో పనిచేస్తూ మాటామాటా వచ్చి బయటికొచ్చేశాడు, సొంతంగా పట్టిన మొదటి పని మా ఇల్లే. బావ ఇల్లు బాగా చేస్తే ఇంకో నాలుగు పనులొస్తాయి, లేకపోతే ఊరికి పోయి మళ్ళీ పొలం గట్లే. అమ్మ రోజూ సింహాచలం కొండ వైపు తిరిగి దండం పెట్టుకునేది, తమ్ముడికి ఈ పని కలిసి రావాలని. స్లాబు ముందు రోజు నేను నాన్నకి మజ్జిగ పట్టుకెళ్ళాను. హాలు మధ్యలో ఆయన ఒక కర్రని కొట్టి, పక్క కర్ర ఎంత దూరంలో ఉందో చూసి, మళ్ళీ మొదటి కర్ర దగ్గరికి వచ్చాడు. "సాల్తాయా సింహాద్రీ?" అని అడిగాడు. మావయ్య పైనుంచి మేకు కొడుతూనే, "సాల్తాయి బావా, ఏనుగెక్కినా దిగదు" అన్నాడు. నాన్న మజ్జిగ తాగి, గ్లాసు నా చేతికిచ్చి ఇంటికి బయల్దేరాడు.

ఆ రోజుల్లో సిమెంటు పర్మిట్ మీద ఇచ్చేవారు. మన వంతు వచ్చిన రోజున డిపోకి వెళ్ళి కావలసిన బస్తాలు ఒకేసారి చెప్పి రాయించుకోవాలి. తర్వాత ఇంకొక్కటి కావాలన్నా మళ్ళీ మొదటి నుంచి వరసలో నిలబడాల్సిందే. ముందుగా ఎక్కువ తెచ్చి పెట్టుకుందామంటే మన సముద్రం గాలికి బస్తా బస్తాగానే రాయైపోతుంది. కాబట్టి అంకె సరిగ్గా ఉండాలి. ఆ మధ్యాహ్నం వసారాలో నాన్న, మావయ్య పక్కపక్కనే భోజనానికి కూర్చున్నారు. నాన్న, "యాభై తొమ్మిది" అన్నాడు. నేను అప్పటికే నోట్సులో వేసేసి ఉన్నాను, ఒకటికి ఒకటిన్నర కూడా మర్చిపోకుండా. నాకు యాభై ఐదు వచ్చింది. కాదు నాన్నా, యాభై ఐదే అన్నాను. మళ్ళీ వెయ్యమన్నాడు. వేశాను. మళ్ళీ వెయ్యమన్నాడు. మూడోసారీ అదే వచ్చేసరికి నాకు కోపం వచ్చింది. "ఆ నాలుగు బస్తాలూ ఎక్కడికెళ్తాయో చూపించు నాన్నా" అన్నాను, క్లాసులో మాస్టారిని నిలదీసినట్టు. మావయ్య పకపకా నవ్వి, సదూకున్న పిల్ల సెప్తంటే వినవేటి బావా అన్నాడు. నాన్న నా వంక చూశాడు, మావయ్య వంక చూశాడు, కంచంలోకి చూశాడు. తర్వాత, "సర్లే. పిల్ల సెప్పిందే రాయించుకొత్తాను" అన్నాడు. నాకు ఆ పూట కాళ్ళు నేల మీద ఆనలేదు.

మర్నాడే స్లాబు. తెల్లారేసరికి ఇనప రేకుల మీద ఇసుక, రాళ్ళు, సిమెంటు గుట్టలు పోసి పారలతో కలుపుతున్నారు. కింది నుంచి పైకి ఆడవాళ్ళు వరసగా నిలబడి తట్టలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందిస్తున్నారు. ఒక క్షణం ఆగితే వెనకావిడ తిట్టేది. అమ్మ ముప్పై మందికి వంట చేస్తూ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. నేను ఖాళీ సంచులు మడతపెట్టి లెక్కపెడుతున్నాను. మధ్యాహ్నం దాటాక నలభై, ఇంకాసేపటికి యాభై. నాన్న స్లాబు మీద నిలబడి మిగిలిన జాగా చూస్తున్నాడు. యాభై ఐదో సంచి నా చేతికి వచ్చేసరికి వంటింటి మూల అంతా చెక్కలు, ఇనుము కనిపిస్తూనే ఉన్నాయి. ఇద్దరు మనుషులు హాయిగా పడుకోగలిగినంత జాగా. తట్టల వరస ఆగిపోయింది. అందరూ నాన్న వైపు చూశారు. నేను నోట్సు వెనక్కి దాచుకున్నాను. నాన్న పార తీసుకుని, పోసినంత వరకూ అంచుని వాలుగా చెక్కి, కిందికి దిగి, కడుక్కోవడానికి నీళ్ళడిగాడు. "నా లెక్కే తప్పింది" అన్నాడు అందరికీ వినబడేలా. నా వైపు మాత్రం చూడలేదు. తిట్టినా బాగుండేది. ఒక్క దెబ్బ వేసినా బాగుండేది.

మిగతా నాలుగు బస్తాలు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోపు పాతది గట్టిపడిపోయింది, కొత్తది దానితో కలవలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి వానకీ అమ్మ పొయ్యికి పైన చినుకే. పోపు వేస్తుంటే మూకుట్లో నీటి బొట్టు పడి చిటపటమనేది, అమ్మ చెంగుతో ముఖం కప్పుకుని వెనక్కి తప్పుకునేది. ఒక్కనాడూ నన్నేమీ అనలేదు. ఎందుకంటే ఆమెకి తెలీదు, ఆ మాటలప్పుడు పెరట్లో ఉంది. నాన్న ఎవరికీ చెప్పలేదు, మావయ్యా నా పేరెత్తేవాడు కాదు. ప్రతి ఏడాదీ వానలకి ముందు సింహాద్రి మావయ్య వచ్చి తారు కాచి పోసేవాడు, పోస్తూ పోస్తూ, ఊరందరికీ స్లాబులేసి సొంతింటికి మూల తగ్గించినాడు మా బావ అని వీధంతా వినబడేలా నవ్వేవాడు. పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, ఎక్కడ నలుగురు కూడినా అదే పాట. నాన్న కూడా నవ్వేవాడు. నేను మాత్రం లేచి బయటికి వెళ్ళిపోయేదాన్ని. కోపం మావయ్య మీదో, నా మీదో తెలిసేది కాదు. నాన్న యాభై తొమ్మిది అన్నాడు, యాభై తొమ్మిదే పట్టింది, నా పొగరుకి ఆయన పేరు పోయింది. నేను లెక్కల టీచరు కావడానికి అది కూడా ఒక కారణమే. మళ్ళీ తప్పకూడదని.

ఇదంతా మనసులో తిరుగుతూ ఉండగా ఇంజినీరు అమ్మాయి, మేడమ్ గారండి, కింద పాత స్లాబుకి ఎంత పట్టిందో తెలుసాండి, అదే కొలత కాబట్టి సరిచూసుకోవచ్చండి అంది. నేను, యాభై ఐదు తెస్తే సరిపోలేదు, యాభై తొమ్మిది పట్టింది అన్నాను. ఆ పిల్ల టేపు పట్టి నాలుగు వైపులా కొలిచింది, మెట్ల దగ్గర తెరిచి ఉన్న చోట మందం చూసింది, ఫోన్లో టకటకా నొక్కింది. "యాభై ఐదు సరిపోవాలండి. పైగా చిటికెడు మిగలాలండి" అంది. నేను ఫోను లాక్కున్నాను. మళ్ళీ వేశాను. తమ్ముడి పిల్ల నోట్సు తీసుకుని చేత్తో వేశాను. అదే. యాభై ఐదు. నా బుర్ర గిర్రున తిరిగింది. నా లెక్క ఒప్పా? మరి నాన్న యాభై తొమ్మిది ఎలా అన్నాడు, పైగా అంతే ఎలా పట్టింది? ఎవరైనా నాలుగు బస్తాలు ఎత్తుకుపోయారనుకుందామంటే ఖాళీ సంచులు నేనే మడతపెట్టాను. రెండు జవాబులూ ఒప్పయ్యే లెక్క నేను ముప్పై రెండేళ్ళలో చూడలేదు. తమ్ముడేమో, పాత గొడవ ఒగ్గెయ్యక్కా, నాలుగవతంది అని నెత్తిన కూర్చున్నాడు.

ఆ అమ్మాయే తేల్చింది. హాల్లోకి వెళ్ళి పైకి చూసి, ఒక దారం తెమ్మంది. కప్పుకి ఆరంగుళాల కింద ఈ గోడ నుంచి ఆ గోడకి దారం బిగించి కట్టింది. గోడల దగ్గర దారానికీ కప్పుకీ మధ్య ఆరంగుళాలు. హాలు మధ్యకి వచ్చేసరికి మూడే. అంటే కప్పు బొజ్జ వేసింది. మేము ఆ బొజ్జ కింద తిన్నాం, పడుకున్నాం, పెళ్ళి చూపులకి కూర్చున్నాం, ఒక్కరమైనా తల ఎత్తి చూడలేదు. సెంట్రింగు దిగిపోయిందండి, కర్రలు దూరం దూరంగా పెట్టి ఉంటారండి, పైన మట్టం చేసుకుంటూ పోతారు కాబట్టి తెలీదండి, కింద గుంటలోకి కాంక్రీటు పోతూనే ఉంటుందండి అని ఆ పిల్ల మామూలుగా చెప్పేసింది. ఎంత పోతుందమ్మా అని అడిగాను. వేళ్ళ మీద లెక్కపెట్టి, నాలుగు బస్తాలదాకా అంది.

నేను ఆ దారం కింద కుర్చీ వేసుకుని కూర్చుండిపోయాను. సంతోషం రావాలి కదా, రాలేదు. నాన్నకి తెలుసు. ఆ కర్రని రెండుసార్లు కొట్టినప్పుడే తెలుసు. ఆయన చెప్పిన యాభై తొమ్మిదిలో ఆ బొజ్జ కూడా ఉంది. మరి కర్రలు వేయించొచ్చు కదా? సొంతంగా పట్టిన మొదటి పనిలో బావమరిదిని కూలీల ముందు తప్పు పట్టలేక ఊరుకున్నాడా? పోనీ, నాలుగు బస్తాలు ఎక్కువ తెచ్చుకుని ఊరుకుందామనుకున్నాడు. అప్పుడు నేను అడ్డం పడ్డాను, ఆ నాలుగూ చూపించమన్నాను. పక్కనే మావయ్య అన్నం తింటున్నాడు. ఎలా చూపిస్తాడు? కానీ నాకు అర్థం కానిది అది కాదు. తర్వాతైనా నాతో ఒక్క మాట, నీ లెక్క తప్పలేదే అని ఒక్క మాట అనొచ్చు కదా. నేను దాన్ని మోస్తున్నానని ఆయనకి తట్టనే లేదా? తట్టినా మావయ్య పరువే ఎక్కువైందా? ఎంత ఆలోచించినా తెగలేదు. నాన్న మీద అంత కోపం వచ్చింది నాకు. పోయినవాళ్ళ మీద వచ్చే కోపం ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలీదు.

నాలుగు కావస్తోంది. పైకి వెళ్ళి కొత్త సెంట్రింగు కింద నడిచాను. ఇప్పుడన్నీ ఇనప గొట్టాలు, మర తిప్పితే పైకీ కిందికీ జరుగుతాయి. అయినా హాలు మధ్యలో దూరం ఎక్కువనిపించింది. ఇంకో ఏడు పెట్టించేదాకా మేస్త్రీని వదల్లేదు. ప్లాంటుకి పదిన్నర అని చెప్పమన్నాను. నాన్నకి ఒక పగలంతా, ముప్పై మంది ఒంట్లో సత్తువంతా పట్టిన పని వీళ్ళకి రెండు గంటలట. అప్పటికి ఇప్పటికి ఎంత తేలికైపోయిందో అనుకుందామంటే, నాలుగు రాకముందు ఈ ఇంట్లో మా ముఖాలు చూస్తే అలా అనిపించలేదు.

అప్పుడు వచ్చాడు సింహాద్రి మావయ్య, ఎలమంచిలి నుంచి పాసింజరు పట్టుకుని. డెబ్బై ఐదు దాటాయి. స్లాబంటే పిలవకపోయినా వస్తాడు. గుమ్మంలోనే, ఏటే, ఈసారైనా మూల కలుత్తాదా, నేకపోతే మళ్ళీ తారు కాయించీమంటావా అని మొదలెట్టాడు. నాకు రక్తం పొంగింది. రా మావయ్యా, నీకొకటి చూపిస్తాను అని చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్ళాను. ఒక్క మాట కూడా చెప్పనక్కర్లేకపోయింది. అరవై ఏళ్ళు సెంట్రింగు చేసినవాడు, దారం చూశాడు, కప్పు చూశాడు, మళ్ళీ దారం చూశాడు. నవ్వు ఆగిపోయింది. చెయ్యెత్తి హాలు మధ్యలో, ఒకప్పుడు కర్ర ఉండాల్సిన చోట గాలిలో పట్టుకున్నాడు.

"దిగిపోనాదమ్మా" అన్నాడు. "నా సెంట్రింగే దిగిపోనాది."

నాకు నోటి నిండా మాటలున్నాయి, ఇన్నేళ్ళవి. ఆయన గోడ పట్టుకుని నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు పెదాలు కదులుతున్నాయి. తల ఎత్తాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"బావకి తెల్సేటి?"

తమ్ముడు నా వంక చూస్తున్నాడు. ఇంజినీరు అమ్మాయి దారం చుట్టుకుంటూ ఆగిపోయింది.

"తెల్దు మావయ్యా" అన్నాను. "నాన్నకేం తెల్దు."

ఆయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, "అమ్మయ్య" అన్నాడు. తర్వాత టీ అడిగాడు. నేను చేసింది ఒప్పో తప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పాను. తెలిసి తెలిసి తప్పు జవాబు ఇచ్చింది ఆ ఒక్కసారే.